షివల్ మీద కుళ్ళు

పోయిన వారం మా నాయన తాయిఫ్‌లో గది ఖాళీ చేసి, దమ్మామ్‌లో ఉన్న మా ఇంటికి వచ్చాడు. ఆయన సంచీ విప్పగానే గ్రీజు వాసన గుప్పుమంది. లుంగీలకూ, టవళ్ళకూ, ఆఖరికి నాకోసం తెచ్చిన దానిమ్మకాయలకు కూడా అదే వాసన. ఆ వాసన తగిలితే ఇంత వయసొచ్చినా నాకు కడుపులో మంట మొదలవుతుంది. అజీర్తి కాదు, అచ్చమైన కుళ్ళు. తోబుట్టువు మీదో తోటికోడలి మీదో అయితే చెప్పుకోవడానికైనా బాగుండేది. నేను కుళ్ళుకున్నది ఒక షివల్ మీద.

షివల్ అంటే మనవైపు లోడర్ అంటారే, ముందర పెద్ద బకెట్టు, మనిషెత్తు చక్రాలు ఉండే బండి, అదే. ఇక్కడి అరబ్బీలో దాని పేరది. మేం రాయచోటి దగ్గరి దూదేకులవాళ్ళం, ఇంట్లో తెలుగే. ఊళ్ళో ట్రాక్టరుతో సేద్యాలు చేసే మా నాయన, రోడ్లు చూసుకునే ఒక కంపెనీలో షివల్ నడపడానికి తాయిఫ్ వచ్చాడు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మంచివాడు కావడంతో అమ్మనూ నన్నూ కూడా తెప్పించుకున్నాడు. సౌదీ అంటే ఇసుకే అనుకునేవాళ్ళకు తాయిఫ్ సంగతి చెప్తే నమ్మరు. కొండమీద ఊరు. ఎండలు ముదరకముందు, తోటల్లో గులాబీలు కోసే రోజుల్లో, పొద్దున గాలి నిండా ఆ పూల వాసన, అమ్మ రోట్లో నూరే చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి వాసన కలిసి ముక్కుకు తగులుతుండేవి. మధ్యాహ్నం దాటాక కొండల వెనక నుంచి మబ్బు కమ్ముకొచ్చి, ఉన్నట్టుండి రాళ్ళవాన దబదబా పడి, వీధులన్నీ బొరుగులు ఒలకబోసినట్టు తెల్లగా అయిపోయేవి. జనం కార్లేసుకుని చూడ్డానికి బయల్దేరేవాళ్ళు. నేను నాలుగు వడగండ్లు ఏరుకుని అచ్చనగాయలు ఆడబోతే, ఆట సగంలోనే చేతిలో నీళ్ళైపోయేవి. మా నాయన మాత్రం రోడ్ల మీది ఐసు తోయడానికి షివల్ ఎక్కేవాడు.

రాళ్ళవానల కాలం రాకముందే, శుక్రవారం నమాజు అయ్యాక, ఆయన నన్ను వేలు పట్టుకుని రోడ్లెంట నడిపించేవాడు. నన్ను తిప్పడానికే తీసుకొచ్చాడని ఎంత మురిసిపోయేదాన్నో. తీరా చూస్తే, రోడ్డు మీద గడ్డ కట్టిన ఐసు కింద కనపడకుండా పోయే స్పీడ్ బ్రేకర్ల పక్కన, మ్యాన్‌హోల్ మూతల పక్కన గుర్తుకు ఎర్రగుడ్డ కట్టిన కడ్డీలు పాతడం ఆయన పని. వాటికి తగిలితే షివల్ బకెట్టు అంచు లేచిపోతుందట. ఇక అన్నం దగ్గర కూర్చుంటే దాని ముచ్చట్లే. బకెట్టును నేలకేసి అదమకూడదు, తాకీ తాకనట్టు వదలాలి. గట్టిపడిన కుప్ప మీదికి ఉరుకుతా పోయి గుద్దకూడదు, అంచు నుంచి కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ రావాలి. ఒక మూలతో తోయకూడదు.

"మూలతో తోస్తే దానికి రెక్కలు మెలిపడతాయి మ్మే, పాపం" అనేవాడు.

బడి రాతలు రాసీ రాసీ నాకు రెక్కలు నొప్పి అంటే మాత్రం, "పండుకుంటే పోతాది" అనేవాడు. పాపం అనే మాట దానికొక్కదానికే.

నేను అలిగి గిన్నెలు విసిరితే అమ్మ నవ్వేది. "ఆడ ఆయన షివల్ ఎత్తుతాడు, ఈడ ఇది శివాలెత్తుతాది" అని. ఒకసారి ఈ మాటే కొంప ముంచింది. రాయచోటిలో ఉన్న జేజికి ఫోన్లో నేనే చెప్పాను, నాయన పొద్దున్నించి షివల్ ఎత్తుతాండాడని. సగం చెవుడున్న జేజి, కొడుకు పొద్దున్నించి శివాలెత్తుతున్నాడనుకుని, ఏడ్చి, దర్గాకు పోయి తాయెత్తు కట్టించి, తాయిఫ్ వచ్చే ఎవరి చేతికో ఇచ్చి పంపింది. నా దండచేతికి కట్టమని ఎంత గోల చేశానో. మా నాయన దాన్ని తీసుకుపోయి షివల్ స్టీరింగుకు కట్టాడు.

ఇదంతా ఒక ఎత్తు, నేను మూడో తరగతిలో ఉండగా పడిన రాళ్ళవాన ఒక ఎత్తు. మా ఇల్లు ఏటవాలు వీధికి అట్టడుగున. వీధిలో పడిన ఐసంతా వరదతో పాటు కొట్టుకొచ్చి మా ఇనుప గేటుకు బయట గోడ కట్టినట్టు పేరుకుంది. ముంగిట్లో పడిన నీళ్ళకు దారి లేక ఇంట్లోకి రావడం మొదలైంది. అమ్మ బియ్యం మూటలు మిద్దె మీదికి మోస్తుంటే నేను గేటు దగ్గరికి పోయి రెండు చేతులతో తోస్తూ నిలబడ్డాను. షివల్ చప్పుడు వినపడింది. ఇక ఉరికొస్తాడనుకున్నాను.

ఉరికి రాలేదు. గేటు సందులోంచి చూస్తున్నాను, బండి ఆపి దిగాడు. కడ్డీతో ఐసులో పొడిచి పొడిచి చూశాడు. మళ్ళీ ఎక్కి, కుప్ప అంచున ఇంత తీసుకుని, వెనక్కి పోయి, పారబోసి, తీరిగ్గా మళ్ళీ వచ్చాడు. నీళ్ళు నా మోకాళ్ళు దాటాయి. అరిచినా ఇంజను చప్పుడులో వినపడలేదు. నేను మునిగిపోతున్నా ఈయనకు దాని అంచే ముఖ్యమైందని ఏడుస్తూ గేటుకు ఆనుకున్నాను. చివరికి గేటు తెరుచుకుంది. నన్ను భుజానికెత్తుకున్నాడు, ఎత్తుకుని కూడా ఒకసారి వెనక్కి తిరిగి బకెట్టు వైపు చూశాడు. ఆ చూపుకు నేను రోజుల తరబడి ఆయనతో మాట్లాడలేదు.

అమ్మే సర్దిచెప్పింది. "పిచ్చి మొద్దూ, నువ్వు గేటు ఎనకాల ఉండావనే కదా మ్మే ఆయన అంత మెల్లగా తోసింది. ఒక్క గుద్దు గుద్దింటే గేటు నీ మీద పడుండేది." ఆ ఒక్క మాటతో నా మంట చాలా ఏళ్ళు అణిగింది. పెళ్ళై దమ్మామ్ వచ్చాక కూడా దాన్ని తలుచుకుని మురిసిపోయేదాన్ని.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. షివల్‌లకు కెమెరాలొచ్చాయి, కడ్డీలు పాతేవాళ్ళు లేరు. అమ్మ ముందే ఊరికి పోయింది. నాయనకూ ఖురూజ్ పడింది, అంటే ఇక తిరిగి రాని ప్రయాణం. ఆ మనిషి ఇన్నేళ్ళ తాయిఫ్ గురించి ఒక్క మాటా అనడు. టీ తాగుతూ, తన షివల్ ఎక్కిన కొత్త డ్రైవర్ మెల్లగా తోస్తాడో లేదోనని ఒకటే దిగులు. నాకు తిక్క రేగింది.

"ఆ పొద్దు మన గేటు కాడ మెల్లగా తోసింది నాకోసమా, షివల్ కోసమా?" అని అడిగేశాను.

ఆయనకు అబద్ధం చేతకాదు. "షివల్ కోసమే మ్మే. మీరు మిద్దె ఎక్కింటారనుకున్యా. నువ్వు గేటు కాడ ఉంటావని నాకేం తెలుసు?"

ఇన్నేళ్ళూ దాచుకున్న మాట అమ్మ అల్లిందేనని తెలిసి, ఖాళీ గ్లాసులు తీసుకుని లేచాను.

"తెలిసింటే షివల్‌ను ఆ చుట్టుపక్కలకే తెచ్చుండను" అన్నాడు వెనక నుంచి. "దూరంగా ఆపేసి, చేతుల్తోనే ఐసంతా తోడేసుండేవాణ్ని."

ఆ మాట అనేసి, మళ్ళీ కొత్త డ్రైవర్ సంగతి ఎత్తుకున్నాడు. నేను గ్లాసులు కింద పెట్టి, కూర్చుని విన్నాను.