బోర్డు మీద లేని మాట

మా చిన్నప్పుడు సినిమా పొద్దున పదకొండింటికి మొదలయ్యేది... అదీ మాటల్లేకుండా.

నారాయణఖేడ్‌లో మిషన్ బడి, ఏడో తరగతి. నెలకోసారి జీపులో ప్రొజెక్టరు వచ్చేది. గది చీకటి చేయడానికి హాస్టలు పిల్లల చద్దర్లు తెచ్చి కిటికీలకు కట్టేవాళ్లం. ఆరు కిటికీలు, పన్నెండు చద్దర్లు. గోడ మీద ఇంగ్లీషు సినిమా...

మా ఇంగ్లీషు టీచర్ సౌండు తీసేసి, కొంచెం చూపించి ఆపేవారు. "ముందు ఏం కనబడిందో చెప్పండి. ఆమెకు ఏమనిపించిందో తర్వాత" అనేవారు.

బోర్డు మీద పది మాటలు ఉండేవి. సాడ్, యాంగ్రీ, అఫ్రెయిడ్, లోన్లీ, ప్రౌడ్... అందులో ఒకటి ఎంచుకోవాలి. ఎందుకు ఎంచుకున్నామో సినిమాలోంచే చూపించాలి. ఆమె కళ్లు, భుజాలు, తలుపు వేసిన తీరు... ఏదో ఒకటి. చూపిస్తే ఒక మార్కు. బోర్డు మీద లేని మాటకు మార్కు లేదు.

ఆ మార్కుల పుస్తకం రాసేది నేను. క్లాసు లీడర్ని. నా పుస్తకంలో కొట్టివేత ఒక్కటి కూడా ఉండేది కాదు.

ఆ ఏడాది హైదరాబాదులో హాస్టలున్న బడిలో మా క్లాసుకు ఒక్క సీటు వచ్చింది. ఆ పుస్తకంలో ఎవరికి ఎక్కువ మార్కులుంటే వాళ్లకు. ఇద్దరికి సమానమైతే, ఇంట్లో గడవనివాళ్లకు. ఇది టీచర్ మొదటి రోజే చెప్పారు.

పోటీలో మిగిలింది ఇద్దరం. నేను, నా బెంచి మీద కూర్చునే సుగుణ. వాళ్లది సిర్గాపూర్ వైపు ఊరు. సీటు రాకపోతే కందులు కోయడం కాగానే అమ్మానాన్నలతో పట్నం పోయి ఇటుకలు మోయాలి. మా నాన్న బడి పంతులు. సీటు రాకున్నా నా చదువు ఆగేది కాదు.

చివరి సినిమా రోజు...

గోడ మీద ఒక తెల్ల దొరసాని గిన్నెలు తోముతోంది. ఉత్తరం వచ్చింది. యుద్ధంలో భర్త పోయాడని అందులో ఉంది. చదివింది, మడిచింది, ఒక పళ్లెం కింద పెట్టింది. మళ్లీ గిన్నెలు తోమింది.

టీచర్ ప్రొజెక్టరు ఆపారు. సుగుణ తప్ప అందరం "సాడ్" అన్నాం. ఆమె తల వంచుకుంది కదా అన్నాం. అందరికీ మార్కు.

సుగుణ లేచింది. "నథింగ్" అంది.

క్లాసంతా నవ్వింది. వెనక బెంచి నుంచి ఎవరో, "ఏందే, మొగడు సచ్చిపోతే ఏం అనిపియ్యదా?" అన్నారు.

"అనిపిస్తే చెయ్యి ఆగుతుండె" అంది సుగుణ. "ఆమె చెయ్యి ఆగలే టీచర్. ఒక్క గిన్నె గూడ ఇడిసిపెట్టలే. మా తమ్ముడు పోయిన దినం మా అమ్మ గట్లనే రొట్టెలు కొట్టింది. వానికి గూడ లెక్కేసి కొట్టింది. ఏడుపు ఎన్కకు ఎప్పుడో వచ్చింది. గప్పుడైతే ఏం లేదు."

టీచర్ సుగుణను చూసి, నా వైపు తిరిగారు. నా చేతిలో పెన్సిలు ఉంది.

"ఏం చేద్దాం?" అన్నారు. నన్నే అడిగారు.

"బోర్డు మీద ఆ మాట లేదు టీచర్" అన్నాను.

"అవును... లేదు" అన్నారు ఆమె. సున్నా వేశాను.

మొత్తం కూడితే నాకు ఎనభై మూడు. సుగుణకు ఎనభై రెండు.

వాళ్లు పట్నం పోయే రోజు బస్టాండుకు వెళ్లాను. సుగుణ మూట కడుతోంది. "ఏందే లీడరూ, గంత మొఖం చేసినవ్? ఒక్క మార్కే గదా" అంది. "నాకొచ్చిన ఇంగ్లీషు గా మేస్త్రికి చెప్త తియ్. పరేషాన్ కావాలె వాడు."

ఇద్దరం నవ్వాం. మాట్లాడినంతసేపూ మూట ముడి బిగిస్తూనే ఉంది. చెయ్యి ఆపలేదు. నేనది చూశాను, కానీ చూసిందేమిటో అప్పుడు తెలియలేదు. తర్వాత ఆమెను మళ్లీ చూడలేదు.

నేను ఇంగ్లీషు టీచర్నయ్యాను. ముప్పై రెండేళ్లు అదే పద్ధతిలో చెప్పాను. ముందు టీవీతో, తర్వాత సీడీలతో. సౌండు తీసేసి, బోర్డు మీద పది మాటలు రాసి...

పోయిన ఏడాది మా ఆయన పోయారు. ఇంటి నిండా జనం. నేను చాయ్ గ్లాసులు కడుగుతున్నాను. ఇరవై నాలుగు. "అత్తమ్మా, ఇగ కూసోండి, నేను కడుగుత" అని కోడలు అంటూనే ఉంది. ఇరవై నాలుగూ కడిగి, తుడిచి, బోర్లించాను. నాకేమీ అనిపించలేదు. ఇప్పటికీ పెద్దగా ఏమీ అనిపించడం లేదు.

ఇప్పుడు నా మనవరాలు ఇక్కడే ఆడపిల్లలకు సినిమాలతో ఇంగ్లీషు చెబుతోంది. మొన్న మాటల పట్టీ నా ముందు పెట్టింది. "తొమ్మిదే ఉన్నయ్ నానమ్మా, ఒకటి చెప్పు" అంది.

"నథింగ్" అన్నాను.

"అది ఫీలింగ్ కాదు గదా నానమ్మా!"

"రాయి" అన్నాను. రాసింది.

ఆ మార్కుల పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. సున్నా దిద్దలేదు. దిద్దితే ఇద్దరి లెక్కా సమానమవుతుంది... సీటు మారదు.

ఇప్పుడు పిల్లలకు కిటికీలకు చద్దర్లు కట్టే పని లేదు. సినిమా ఫోన్లో చూస్తారు, మాటలు కింద రాసి వస్తాయి. చెయ్యి ఆగిందో లేదో ఎవరు చూస్తున్నారో తెలియదు.

మీ క్లాసులో మీకంటే బాగా చెప్పి, మార్కు రానివాళ్లు ఒకరుండే ఉంటారు. కింద వాళ్ల పేరు రాయండి. కారణాలు వద్దు... పేరు చాలు.