పరిమితిలోనే ఉంది

తిరువూరు బస్టాండులో ఆ మధ్యాహ్నం నా పక్కన కూర్చున్న పెద్దావిడ ముఖం బాగా వాడిపోయి ఉంది. ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

"బాగానే ఉందండి. నేను రోడ్ల పక్కన శబ్దం కొలిచే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. నా రిపోర్టు చూసే రోడ్డు ఎటు వెయ్యాలో నిర్ణయించేవాళ్ళు" అంది.

ఎ.కొండూరు దగ్గర రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, మంచాన పడ్డ తన కూతురికి లారీల మోతకు నిద్రే ఉండదని ఒక తల్లి మీటింగులో ఏడ్చిందట. శబ్దం ప్రభుత్వం పెట్టిన పరిమితిలోనే ఉంటుందని ఈవిడ జవాబిచ్చిందట.

"పోయినేడు మావారు మంచాన పడ్డారు. మా ఇల్లూ రోడ్డు మీదే. కాసేపు నిద్ర పట్టేట్టు చెయ్యమని నా చెయ్యి పట్టుకుని బతిమాలారండి. మా ఇంట్లోనూ కొలిచాను. పరిమితిలోనే ఉంది."

ఆయన పోయాక, ఆ తల్లికి క్షమాపణ చెప్పుకుందామని ఇవాళ ఎ.కొండూరు వెళ్ళిందట.

"కనిపించిందా?" అన్నాను.

"కనిపించింది. కూతురు ఎప్పుడో పోయిందట. నన్ను గుర్తుపట్టలేదు. ఎండన పడి వచ్చానని అన్నం పెట్టింది. చెప్పలేక తిని వచ్చేశాను."

"మళ్ళీ వెళ్ళి చెప్పండి."

"చెబితే నా మనసు తేలికవుతుంది. ఆవిడకేం మిగులుతుందండీ?"

బస్సు రాగానే ఆవిడ లేచి వెళ్ళిపోయింది.