సోమవారం తిరగని జెయింట్ వీల్

సోమవారం వచ్చిందంటే మా ఊరి కటింగు షాపు సదాహరుకి ఇంట్లో కాలు నిలవదు. మిగతా రోజుల్లో ఆయనంత కుదురైన మనిషి లేడు. తండ్రి పెట్టిన షాపు, తండ్రి కొన్న అద్దం, గుమ్మం పక్కన కటింగు షాపు గుర్తుగా గిరగిరా తిరిగే ఎరుపు నీలం చారల స్తంభం, వాటి మధ్య పొద్దుగూకే దాకా కుర్చీ వెనక నిలబడి ఉంటాడు. సోమవారం మాత్రం తెల్లవారకుండానే లేస్తాడు. మా ఊరి తీపి బిళ్ళల డబ్బా ఒకటి గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకుని, మొదటి రైలెక్కి చక్కాపోతాడు.

ఎక్కడికయ్యా అంటే, ఎక్కడో ఏదో పిల్లల పార్కు మూతపడుతోందట! పెద్దపెద్ద పార్కులు కావు సుమండీ, వాటి జోలికి వెళ్ళడు. ఏ బట్టల కొట్టు మేడ మీదో నాలుగు బొమ్మ కార్లూ ఒక బుల్లి రైలూ పెట్టుకుని బతికేవి, ఏ చెరువు ఒడ్డునో హంస పడవలు తేలేసుకుని కూర్చునేవి. పిల్లలు తగ్గిపోయారు, వచ్చేవాళ్ళు లేరు, ఈ నెలాఖరుకి సెలవు తీసుకుంటున్నామని పేపర్లో చిన్న ముక్క పడితే చాలు, సదాహరు దాన్ని కత్తిరించి అద్దం పక్కన అంటిస్తాడు.

ఆఖరి రోజుకి జనం ఎగబడతారు. ఆ ఆఖరి రోజు ఎక్కడైనా ఆదివారమే. ఆదివారం కటింగు షాపుకి పండగ, కదలడానికి వీల్లేదు. అందుకని ఈయన ముందు సోమవారమే వెళ్ళొస్తాడు. ఉన్నవన్నీ ఎక్కుతాడు, టోపీ తీసి అక్కడి పనివాళ్ళకి నడుం వంచి దండం పెడతాడు, "ఇన్నాళ్ళూ ఎంతో శ్రమపడ్డారు" అని డబ్బా చేతిలో పెడతాడు. కొందరు కళ్ళు తుడుచుకుంటారట. ఒకచోట మేడ మీద బ్యాటరీ పాండా బొమ్మ ఎక్కితే అది సగం దూరం నడిచి ఆగిపోయింది. మనవలున్న వయసు మనిషిని పాండా మీద కూర్చోబెట్టుకుని, ఒళ్ళో డబ్బాతో సహా, అక్కడ పనిచేసే పిల్ల వెనకనించి తోసుకుంటూ తీసుకెళ్ళింది. ఆ కథ మా ఊళ్ళో వినని తల లేదు. నేనైతే నాలుగు కటింగులకి నాలుగుసార్లు విన్నాను.

భార్య చిజురుకి ఇదంతా వినోదం. ఆవిడ కూడా ఆ పని నేర్చిన మనిషే, గడ్డాలన్నీ ఆవిడవే. కత్తి నూరుకుంటూ, "మా ఆయన పరామర్శకి వెళ్ళని పార్కు ఈ దేశంలో లేదు, మనుషులు పోతే మాత్రం నన్ను పంపిస్తారు" అనేది. షాపంతా నవ్వేది. సదాహరు కూడా నవ్వేవాడు, పాపం, కాదనడానికి ఏముంది గనక.

ఇంతకీ విడ్డూరం ఏమిటంటే, మా ఊరి కొండ మీదే ఒక పార్కుంది. కమోమే పార్కు. రంగులరాట్నం, తిరిగే కప్పులు, సముద్రం వైపు ఒక జెయింట్ వీల్. షాపు కుర్చీలో కూర్చుంటే అద్దంలో ఆ చక్రం కనబడుతూనే ఉంటుంది. జపాను దేశమంతా తిరిగి ఊరూరి చక్రాలెక్కి వచ్చిన సదాహరు, దాన్ని మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎక్కలేదంటే ఎక్కలేదు!

దానికి కారణం లేకపోలేదు. మా జిల్లాలో కటింగు షాపులన్నిటికీ సోమవారం సెలవు. కమోమే పార్కుకీ సోమవారమే సెలవు. పోనీ సోమవారం నాడు పండగ వచ్చిందనుకోండి, పార్కు తెరిచి మర్నాడు మూస్తారు. ఆ రోజు కటింగు షాపులూ తెరిచి మర్నాడే మూస్తాయి. శీతాకాలం మంచు పడ్డాక పార్కు ఎలాగూ ఉండదు. కావాలని ఎవరో కక్షగట్టి పెట్టినట్టు ఈ రెండూ ఏనాడూ కలిసి రాలేదు.

సదాహరు తండ్రికి కొడుకంటే ప్రాణం. ఆయనకీ దొరికేది ఆ ఒక్క రోజే. అందుకని సోమవారం బడి అయ్యాక కొడుకుని వెంటబెట్టుకుని కొండెక్కేవాడు. గేటుకి తాళం. ఇద్దరూ కంచె బయట గడ్డిలో చతికిలబడి, ఆగి ఉన్న చక్రాన్ని చూస్తూ, ఇంటినించి తెచ్చుకున్న అన్నం ముద్దలు తినేవాళ్ళు. తిరిగితే ఎలా ఉంటుందో తండ్రి చేతులు తిప్పి చెప్పేవాడు, ఆయన మాత్రం ఎప్పుడెక్కాడు గనక. మిగతా పిల్లలు ఎక్కేది ఆదివారం. ఆదివారం సదాహరు చేతిలో చీపురుండేది, నేల మీద ఊరందరి జుట్టుండేది.

కంచె లోపల ఆ సమయానికి ఇంకో తండ్రీ కొడుకూ ఉండేవాళ్ళు. చక్రం తిప్పే మనిషి, ఆయన కొడుకు రోకురో. సోమవారం వాళ్ళకి చక్రానికి నూనె పెట్టే రోజు. కంచె కన్నాల్లోంచి అన్నం ముద్దలు అటు వెళ్ళేవి, నూనె మరకల చేతులు అందుకునేవి. అలా కుదిరింది ఇద్దరికీ స్నేహం. తండ్రులు పోయాక ఈయన కత్తెర పట్టాడు, ఆయన చక్రం మీట పట్టాడు.

రోకురో వాన పడి పార్కు ఖాళీగా ఉన్న రోజున జుట్టు కత్తిరించుకోడానికి దిగేవాడు. కుర్చీలో కూర్చోగానే అద్దంలోకి చూసి ఒకటే మాట, నా చక్రం ఎప్పుడెక్కుతావురా అని. ఎక్కుతాలేరా, అదెక్కడికి పోతుంది, కొండ మీదే ఉందిగా అని సదాహరు జవాబు. ఎన్ని జుట్లు రాలాయో ఈ మాటల మీద.

అది కూడా పోయే రోజు వచ్చింది. ఆ శరదృతువులో కొండ కింద పలక కట్టారు, నవంబరు ఆఖరి ఆదివారంతో కమోమే పార్కు సెలవు తీసుకుంటోందని. ఊరు ఉసూరుమంది. సదాహరుకి రెండు రోజులు అన్నం సయించలేదు. ఏం చెయ్యాలో తోచక, తనకి చేతనైన పనే చేశాడు మహానుభావుడు. సోమవారం పొద్దున్నే డబ్బా గుడ్డలో చుట్టి కొండెక్కాడు. కంచె అవతల రోకురో నూనె పెడుతున్నాడు. ఈయన టోపీ తీసి, నడుం వంచి, ఊరూరా చెప్పి వచ్చిన ఆ మాటే చెప్పి, కంచె పైనుంచి డబ్బా అందించాడు.

రోకురో మొహం మాడిపోయింది. చేతులు తుడుచుకుని డబ్బా తీసుకున్నాడు, ఒక క్షణం చూశాడు, మళ్ళీ కంచె పైనుంచి ఇచ్చేశాడు. మా వైపు ఇచ్చిన కానుక తిరిగి చేతిలో పెట్టడమంటే చెంప మీద కొట్టడమే.

"ఇది పరాయి ఊరివాళ్ళు తెచ్చేదిరా సదా," అన్నాడు. "ఇంకా ప్రాణం పోలేదు దానికి. ఊరూరా పోయేవాటికి దండాలు పెట్టొచ్చావు, నాదొక్కటి తిరుగుతుండగా ఎక్కు. ఇంకేం వద్దు నాకు."

సదాహరుకి తల కొట్టేసినట్టయింది. డబ్బాతో ఇంటికొచ్చాడు. చిజురు దాన్ని చూసింది, ఆవిడకి ఎత్తిపొడవడానికి అంతకంటే మంచి అదను దొరకదు, అయినా డబ్బా అలమారలో పెట్టి టీ పెట్టింది.

ఆ తర్వాత రోకురో షాపుకి దిగలేదు. వానలు పడ్డాయి, అయినా దిగలేదు. సదాహరు రోజూ రేపు షాపు కట్టేసి వెళ్తాననేవాడు. ఆ రేపటికి ఎవరిదో పెళ్ళిచూపులు, ఎవరికో ఆస్పత్రికి వెళ్ళేముందు తల శుభ్రం చేయించుకోవాలి. తీరా ఒక బుధవారం గుండె గట్టి చేసుకుని తలుపేస్తే, సముద్రపు గాలికి చక్రం ఆపేశారని కింద పలక. అంతకుముందు పని రోజున షాపు మూసెయ్యడమంటూ ఆ ఇంట్లో తండ్రి పోయిన నాడు తప్ప లేదు. అందులోనూ ఆదివారం కత్తెర దించకూడదన్నది తండ్రి పెట్టిన కట్టు, ఆయన పోయేముందు కూడా చెప్పిపోయిన మాట.

అలా అలా ఆఖరి ఆదివారం వచ్చి నెత్తిన కూర్చుంది. ఆ రోజు షాపు చూడాలి! టీవీవాళ్ళు వస్తున్నారట, ఊరంతా కలిసి చక్రం ముందు ఫొటో దిగుతారట. దానితో ఊళ్ళో మగవాడన్నవాడు ప్రతివాడూ తల పట్టుకుని సదాహరు గుమ్మం ముందు వాలాడు. కొండెక్కే ముందు కటింగు, దిగాక కబుర్లు. నేనూ వెళ్ళాను, అబద్ధం ఎందుకు. ఆయన్ని కదలనివ్వకుండా చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణే, ఆ తెలివి అప్పుడు మాకెవరికీ లేదు.

నాలుగున్నరకి గేటు మూస్తారు. మధ్యాహ్నం వాలింది, బెంచీ నిండా ఇంకా జనం. కుర్చీలో చేపలమ్మే నెమోతో అనే ఆయన, తల ఒక పక్క కత్తిరించి ఒక పక్క అలాగే ఉంది. అద్దంలో చక్రం తిరుగుతోంది. సదాహరు కత్తెర గాలిలోనే ఆగిపోయింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం అద్దంలో మేమందరం చూశాం, చూసి గోడ క్యాలెండరు వైపు తిరిగాం.

చిజురు గడ్డం సబ్బు బ్రష్షు పక్కన పెట్టి వచ్చి, ఆయన వేళ్ళలోంచి కత్తెర తీసుకుంది.

"మావయ్యగారు ఆదివారం కత్తెర దించొద్దన్నారు. దించడంలేదు, నేను పట్టుకున్నాను," అంది. "మీరు వెళ్ళండి."

"మరి నా తల?" అన్నాడు నెమోతో.

"మీ తలకి నేను చాల్లెండి," అంది చిజురు, చెవి పక్కన టక్కున ఒక కత్తిరింపు వేస్తూ.

సదాహరు తెల్లకోటు కూడా విప్పలేదు. జేబులో దువ్వెనలతో, కాళ్ళకి షాపు చెప్పులతో పరిగెత్తాడు. ఆ కొండ మెట్లు ఆ వయసులో ఎలా ఎక్కాడో ఆయనకే తెలీదు. పైన చక్రం దగ్గర వరస కొసన తాడు కట్టేశారు, ఇంక ఎవర్నీ తీసుకోమని ఒక పిల్ల వంగి వంగి క్షమాపణలు చెప్తోంది. తెల్లకోటు చూసి వరసలోవాళ్ళు గుర్తుపట్టారు. అసలే మా వాళ్ళు వరస తప్పితే చచ్చేంత బాధపడిపోతారు. అలాంటిది ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, ఏమీ ఎరగనట్టు, పక్కకి జరిగారు.

మీట దగ్గర రోకురో ఉన్నాడు. జుట్టు చెవుల మీదికి దిగిపోయి, టోపీ కిందనించి పిచ్చిపిచ్చిగా బయటికొచ్చేసింది. సదాహరుని చూశాడు. చక్రానికి వేలాడే పెట్టె ఒకదాని తలుపు తీసి పట్టుకుని, "చేతులు లోపల పెట్టుకోండి, కాసేపు ఆనందంగా గడపండి," అని ఊరందరికీ చెప్పే మాటే చెప్పాడు. గొంతు మాత్రం ఊరందరికీ చెప్పే గొంతు కాదు.

చక్రం కదిలింది. సదాహరు ఉలిక్కిపడ్డాడు. ఇది అటు తిరుగుతోందేమిటి? అరవయ్యేళ్ళు పైబడి అద్దంలో చూస్తూ వచ్చాడు కదా, వెనక్కి తిరిగి చూద్దామంటే ఎప్పుడూ చేతిలో కత్తెరో ఎవరి తలో ఉండేది. నిజం చక్రం రెండోవైపు తిరుగుతుందని ఆయనకి ఆ పూట తెలిసింది. పైకి వెళ్ళేసరికి సముద్రం, రేవు, ఊరు, తన షాపు ముందు తిరిగే చారల స్తంభం అన్నీ కనిపించాయి. అవేవీ చూడలేదాయన. కంచె మూల చూశాడు. తండ్రి కూర్చునే చోటు. పైనుంచి చూస్తే ఆ చోటు అరచేతంత ఉంది, దానిలోంచి తల పైకెత్తి ఇద్దరు మనుషులు అన్నేళ్ళు చూశారు. తండ్రిని ఒక్కసారైనా ఎక్కించలేకపోయానే అని సదాహరు పసిపిల్లాడిలా ఏడ్చాడు. పెట్టెలో ఒక్కడే కనక ఎవరూ చూడలేదు.

పెట్టె కిందికొచ్చింది. రోకురో తలుపు తియ్యలేదు. మొహం అటు తిప్పుకుని ఇంకో చుట్టు పంపించాడు. రెండో చుట్టు దిగాక, ఎలా ఉందిరా అని అడిగాడు.

"ఇటు తిరుగుతుందని తెలీదురా," అన్నాడు సదాహరు.

రోకురో పడీ పడీ నవ్వాడు. తర్వాత గేటు మూసే పాట వేశారు, పనివాళ్ళందరూ వరసగా నిలబడి జనం కనుమరుగయ్యే దాకా చేతులూపారు. ఊరంతా కొండ దిగి ఇళ్ళకి పోయింది.

మర్నాడు సోమవారం. సదాహరు తెల్లవారకుండానే లేచాడు. చిజురు అప్పటికే అన్నం ముద్దలు కట్టి ఉంచింది, ఇద్దరికి సరిపడా. డబ్బా ఊసు ఇద్దరూ ఎత్తలేదు. ఆయన ఇంకేదో చిన్నది కూడా జేబులో వేసుకుని కొండెక్కి, కంచె బయట తన చోట్లో కూర్చున్నాడు.

లోపల రోకురో నిచ్చెనేసుకుని చక్రానికి నూనె పెడుతున్నాడు.

ఇంక తిరగదు గదరా, నూనె దేనికి అని సదాహరు అడగబోయి మానేశాడు. రోకురో తనే చూసి, "సోమవారం గదా," అన్నాడు, అదేదో తప్పు చేస్తూ దొరికినట్టు. "అక్కడ కూర్చున్నావేం? గేటు తీసే ఉంది, లోపలికి రా."

లోపలికి వెళ్ళాడు. ఆగిపోయిన పెట్టె మెట్టు మీద పక్కపక్కన కూర్చుని అన్నం ముద్దలు తిన్నారు. ఈసారి మధ్యలో కంచె లేదు. తినడం అయ్యాక రోకురో మెడ మీద జుట్టు లాక్కుని, బాగా పెరిగిపోయింది, రేపు షాపుకి దిగుతానన్నాడు. సదాహరు జేబులోంచి కత్తెర తీశాడు. తండ్రి కాలం నుంచీ సోమవారం సెలవు నాడు ఆ ఇంట్లో ఎవరూ కత్తెర ముట్టింది లేదు.

"ఇవాళ నీకు సెలవు గదరా," అన్నాడు రోకురో.

"నీకూ సెలవేగా. కదలకుండా కూర్చో," అన్నాడు సదాహరు, ఆయన టోపీ తీసి పక్కన పెడుతూ.