ఉయ్యాలలోంచి వచ్చిన మాట

కడుతున్న మేడ కింద రేకుల గదిలో కూలీల పిల్లల్ని చూసుకునే ఆవిడను అందరూ టీచరమ్మ అనేవారు. ఒకప్పుడు తనూ ఇసుక మోసిన మనిషే. ముక్కు తుడవడం దగ్గర్నుంచి అక్షరాలు దిద్దించడం దాకా అన్నీ ఆవిడే. పిల్లల సంగతి తనకు తెలియనిది లేదని ధీమా.

కొత్తగా పనికొచ్చిన మేస్త్రీ భార్య, రోజూ పొద్దున్నే చంకలోని పిల్లను ఉయ్యాలలో పడుకోబెట్టి సిమెంటు మొయ్యడానికి వెళ్లేది. పుల్లల్లాంటి కాళ్లు, ముందుకొచ్చిన పొట్ట. ఏడాదిన్నర ఉంటుందిలే అనుకుంది టీచరమ్మ. ఏడవదు, మారాం చెయ్యదు, నోరు విప్పదు, ఉయ్యాల దిగదు. "మా బంగారుతల్లే!" అని మురిసిపోయి, పాలు పట్టి, పెద్దపిల్లల దగ్గరికి వెళ్లిపోయేది.

ఒక మధ్యాహ్నం కథ చెబుతూ, "అప్పుడా నక్క ఏం చేసిందంటే..." అంది.

"నక్క కాదు టీచరమ్మా, తోడేలు. నిన్న తోడేలన్నావుగా!"

గొంతు వెనకనుంచి వచ్చింది. వెనక ఉయ్యాలలు తప్ప ఏమీ లేవు.

"ఎవర్రా అది?"

"నేనే," అంటూ ఉయ్యాల తాడు పట్టుకుని లేచి కూర్చుంది మేస్త్రీ కూతురు.

టీచరమ్మ దగ్గరికెళ్లి నోరు తెరిపించింది. దవడ పళ్లతో సహా నోటినిండా పళ్లే. ఇన్నాళ్లూ తను పసిపాపలా పాలు పట్టింది ఈ పిల్లకా!

సాయంత్రం తల్లిని నిలదీసింది. "దీనికెన్నేళ్లే?"

"ఐదు నడుస్తోందక్కా." ఆమె తల దించుకుంది. "చెబితే జనం గుడ్లప్పగించి చూస్తారు. అందుకే చెప్పడం మానేశా. డాక్టర్లకు చూపించకపోలేదక్కా. పోయిన ప్రతిచోటా చూపించాం. పరీక్షలు రాసేవాళ్లు. అవి చేయించేలోపు అక్కడ పని అయిపోయేది, మళ్లీ మూటాముల్లే సర్దుకునేవాళ్లం."



మర్నాడు టీచరమ్మే దగ్గరుండి పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లింది. తిన్నది ఒంటికి పట్టనివ్వని పేగుల జబ్బన్నారు. నయమవుతుంది, కానీ చాలాకాలం ఒక్కచోటే ఉండి మందు వాడాలన్నారు.

టీచరమ్మ గుత్తేదారును లాక్కొచ్చినంత పని చేసింది. ఆయన పిల్ల బుగ్గ గిల్లి, "ఏమే పొట్టిదానా, ఒకటా రెండా నీకు?" అన్నాడు.

"ఐదు."

ఆయన నవ్వు మొహంమీదే గడ్డకట్టింది. "మా ఇంట్లోదానికీ ఐదే," అని గొణిగాడు. ఊరు మారాల్సిన అవసరం లేకుండా మేస్త్రీకి పక్క మేడలోనూ పని ఇచ్చాడు.

మందు పనిచేసింది. కొన్ని నెలలకు తల్లి ఒక గౌను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అక్కా, ఇది దానికి పొట్టయిపోయింది! భుజాలు దిగట్లేదు!" అంటూ నవ్వుతూనే భోరుమంది.

టీచరమ్మా నవ్వబోయింది. గౌను చేతిలోకి తీసుకుంది. బెత్తెడు గుడ్డ.

"ఎప్పుడు కొన్నదే ఇది?"

"అది నడక నేర్చినప్పుడక్కా."