గట్టు మీద మౌంటెన్ బైకు

బావగారి చేను గట్టు తెగడానికి కారణం ఎలుకలు కాదు, ఎండ్రకాయలు కాదు, దిగువ చేను పెద్దాయన అసలే కాదు. నేను. నేనూ, నా కొత్త మౌంటెన్ బైకూ. ఈ ముక్క చెప్పవలసిన రోజున చెప్పలేదు. అప్పుడు నోట్లో ఇడ్లీ ఉందని సర్దిచెప్పుకోవచ్చు గానీ, ఇడ్లీ మింగడానికి అన్ని వారాలు పట్టవు.

ఆ రోజు రైడు గురించి మా సైకిల్ గ్రూపులో నేను రాసింది చాలామంది చదివారు. 'పొలం గట్టు మీద, ఈ చివరి నుంచి ఆ చివరికి, కాలు కింద పెట్టకుండా' అని రాశాను. మెచ్చుకోళ్ళు బోలెడు వచ్చాయి. ఆ చివర ఏం జరిగిందో మాత్రం రాయలేదు. అది ఇప్పుడు రాస్తున్నాను.

యాభైకి దగ్గర పడుతుండగా నా షుగరు హద్దు మీదికి వచ్చింది. రోజూ నడవమన్నారు డాక్టరుగారు. నడవడానికి చెప్పులు చాలు. కానీ నాకు సామాను కొనుక్కునే వ్యాయామం కావాలి. రాత్రిళ్ళు ఫోనులో విదేశీ కుర్రాళ్ళు కొండల మీంచి సైకిళ్ళతో దూకడం చూసి చూసి, చివరికి ఒక మౌంటెన్ బైకు ఇంటికి తెచ్చాను. మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏవండీ, దీనికి స్టాండు లేదు, క్యారేజీ లేదు, మడ్‌గార్డు లేదు, బెల్లు కూడా లేదు. ఇవన్నీ తీసేసి ఎక్కువకి అమ్మారా?"

"ఇది కొండలెక్కే బండి."

"ఏలూరులో కొండెక్కడుందండీ?"

నిజమే. మా ఊళ్ళో నాకు తెలిసిన ఎత్తు రైల్వే ఫ్లై ఓవర్ ఒక్కటే. గూడెం దాటాక మెట్ట వైపు గుట్టలున్నాయనీ, బండిని కార్లో వేసుకుని వెళ్తాననీ చెప్పాను.

"సైకిలు తొక్కడానికి కార్లో వెళ్తారా?" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. స్టాండు లేని బండిని ఎక్కడ ఆనించాలో తెలియక చాలాసేపు పట్టుకుని నిలబడ్డాను.

నా సాధన తమ్మిలేరు ఏటి గట్టు మీద మొదలైంది. గేర్లు ఎన్నో ఉన్నాయి గానీ ఏది ఎప్పుడు వెయ్యాలో తెలియదు. ఎత్తులో బరువు గేరు, పల్లంలో తేలిక గేరు పడేవి. మొదటివారం ఫ్లై ఓవర్ ఎక్కుతుంటే ఒక పాలాయన, రెండు క్యాన్లు వేలాడేసుకున్న పాత సైకిలు మీద నన్ను దాటిపోతూ, "చైను పడిందేమో చూసుకోండి సార్" అన్నాడు. చైను పడలేదు. నేనే అలా తొక్కుతున్నాను. లోపల మెత్త కుట్టిన బిగుతు నిక్కరు కూడా కొన్నాను. అది వేసుకుని మా వీధి దాటడం గుట్ట దిగడం కన్నా కష్టం.

తర్వాత కొల్లేరు వైపు వెళ్ళాను. ఆకివీడు దారిలో చేపల చెరువుల గట్లు లారీ పట్టేంత వెడల్పు. లారీ చక్రాల గాళ్ళు ఎండి గట్టిపడితే, వాటిలో పడకుండా తొక్కడమే ఒక విద్య. అక్కడ ఒక చెరువు కాపలాదారు నన్ను ఆపాడు.

"ఎందుకొచ్చారండీ? చేపలకా?"

"లేదండీ, తొక్కుకోడానికి."

"దేన్నండీ?"

సైకిలు చూపించాను. అతను నా హెల్మెట్టు, చేతి తొడుగులు, నిక్కరు పరిశీలనగా చూసి, "ఏ డిపార్ట్‌మెంటండీ తమరు?" అని అడిగాడు. నేను ఏ డిపార్ట్‌మెంటూ కాదంటే నమ్మలేదు. నేను వెళ్ళేదాకా నిలబడే ఉన్నాడు.

ఆ తర్వాతే మెట్ట. గూడెం అవతల జీడిమామిడి తోటల మధ్య ఎర్రమట్టి దారులున్నాయి. గ్రావెల్ తవ్వగా మిగిలిన గుట్టలున్నాయి. ఆదివారాలు మా గ్రూపు అక్కడికి చేరుతుంది. అందరూ నాకన్నా చిన్నవాళ్ళే. మొదటిసారి గుట్ట దిగుతూ భయపడి ముందు బ్రేకు నొక్కాను. బండి ఆగింది, నేను ఆగలేదు. మెల్లగా నేర్చుకున్నాను. దిగేటప్పుడు ఒళ్ళు వెనక్కి పెట్టాలి. పెడళ్ళ మీద లేచి నిలబడాలి. దగ్గరకు కాదు, దూరంగా చూడాలి, ఎందుకంటే చూపు ఎటు పోతే బండి అటే పోతుంది. ఇక మిగిలింది సన్నటి దారి మీద నడపడం. ఫోనులో కుర్రాళ్ళు దుంగల మీద నడుపుతారు. మాకు దుంగలెక్కడివి? పొలం గట్లున్నాయి కదా అనుకున్నాను. నా జీవితంలో నాకు తట్టిన గొప్ప ఆలోచనల్లో అదొకటి. మిగతావి కూడా ఇలాగే ముగిశాయి.

బావగారిది, అంటే మా ఆవిడ అన్నగారిది, ముదినేపల్లి దగ్గర పల్లె. సార్వా వరి నాట్లయి పైరు పిలకలు వేస్తున్న రోజుల్లో, ఒక శనివారం ఇద్దరం అక్కడికి వెళ్ళాం. కారు వెనక బండి కూడా ఉంది. బావగారు టైర్లు నొక్కి చూశారు.

"ఇంత లావేంటండీ బావగారూ? నాకిచ్చెయ్యండి, చేలో దమ్ము చేసుకుంటాను."

ఆ మాటల్లోనే, ఆ ఉదయమే చేలో యూరియా చల్లించాననీ, రెండు మూడు రోజులు నీళ్ళు కదలకుండా ఉండాలనీ కూడా చెప్పారు. నేను విన్నాను. తల కూడా ఊపాను.

బావగారి చేనుకు ఆనుకుని, జానెడు పల్లంలో ఉంది ఒక పెద్దాయన చేను. ఆయన బంధువు కాదు గానీ, మా ఆవిడా వాళ్ళన్నయ్యా ఆయన్ని చిన్నప్పటి నుంచీ బాబాయ్ అంటారు. ఆ లెక్కన నాకు మావయ్యగారు. ఆయన చేనుకు కాలవ నీళ్ళు బావగారి చేలోంచే వెళ్ళాలి. గట్టుకు ఒక మూల చిన్న దారి కొట్టి ఉంటుంది. దాన్ని మడవ అంటారు. బావగారు మడవ తెరిస్తే కింద తడుస్తుంది, మూస్తే ఎండుతుంది. ఇన్నేళ్ళలో దాని గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకోవలసిన అవసరమే రాలేదు. పొద్దున్నే కలిసి చేలకు వెళ్ళడం, వచ్చేటప్పుడు కాలవ వంతెన దగ్గర టీ తాగడం, అంతే.

ఆ సాయంత్రం నేను ఆ రెండు చేల మధ్య గట్టు ఎక్కాను. పైన ఎండకు పెళుసుగా గట్టిపడింది, లోపల మెత్తగా ఉంది. అది నాకు తర్వాత తెలిసింది. దూరంగా చూస్తూ, లేచి నిలబడి, ఊపిరి బిగబట్టి తొక్కాను. ఇంకో పది గజాలుంటే అయిపోతుందనగా ఎడమ పక్కన ఒక కొంగ లేచింది. దాన్ని చూశాను. బండి కూడా దాన్ని చూసింది. గట్టిగా బ్రేకు పట్టేసరికి వెనక టైరు గట్టును దున్నేసింది. నేను మోకాళ్ళ దాకా దిగువ చేలో దిగబడ్డాను. నాతోపాటు గట్టులో ఒక పెళ్ళ కూడా వచ్చింది. ఆ సందులోంచి పైచేలో నీళ్ళు వేలెడు ధారగా కిందికి కారుతున్నాయి.

కంగారుగా రెండు చేతులా బురద తీసి కప్పాను. పైన గడ్డి పరిచి కాలితో తొక్కాను. కారడం ఆగింది. పైగా చూడ్డానికి ముచ్చటగా ఉంది. తెగని వైపు బండిని గట్టుకు ఆనించి ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. గట్టు వెయ్యడం ఇంత తేలికా, దీనికి కూలీలెందుకు అని కూడా అనుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

మర్నాడు పొద్దున్న మేము టిఫిను తింటుండగా, బావగారు బురద కాళ్ళతోనే ఇంట్లోకి వచ్చారు.

"చూశావా చెల్లాయ్, బాబాయ్ ఎంత పని చేశాడో! నిన్న పొద్దున్న యూరియా చల్లాను, రాత్రికి గట్టు కొట్టేశాడు. ఎరువు నీళ్ళన్నీ ఆయన చేలో ఉన్నాయి."

"బాబాయా? ఆయనెందుకు చేస్తాడన్నయ్యా?"

"మరి ఎరువుకి కాళ్ళొచ్చి దిగి వెళ్ళిందా?" అని నా వైపు తిరిగారు. "బావగారూ, నిన్న సాయంత్రం మీరు అటే వెళ్ళారుగా. గట్టు బాగుందా, లేదా?"

నోట్లో ఇడ్లీ ఉందన్నది ఇప్పుడే.

"బాగానే ఉందండీ," అన్నాను. నేను ఎక్కేటప్పటికి బాగానే ఉంది. అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. అంతటితో ఆగకుండా, "ఎండ్రకాయ బొరియ ఏమన్నా ఉందేమోనండీ" అని కూడా అన్నాను.

"అంత గండి కొట్టిన ఎండ్రకాయకి పార ఎవరిచ్చారండీ?" అని బావగారు విసురుగా వెళ్ళిపోయారు.

నా 'బాగానే ఉందండీ' ఆయనతోపాటు వంతెన దగ్గరికి వెళ్ళింది. అక్కడ పదిమందిలో ఆయన పెద్దాయన్ని ఎరువు దొంగ అన్నారు. పెద్దాయన కాదంటే, "మా బావగారు చూశారు. సాయంత్రం గట్టు దిట్టంగా ఉంది. ఆయనకి అబద్ధమాడాల్సిన పనేంటి?" అన్నారు. ఆ పూటే మడవ మూసేశారు. పెద్దాయన టీకొట్టుకు రావడం మానేశారు. ఇదంతా ఏలూరు వచ్చేశాక మా ఆవిడకు ఫోన్లలో తెలిసింది, నాకు ఆవిడ ద్వారా తెలిసింది.

చెబుదామనుకున్నాను. ఈ ఆదివారం గుట్టకు వెళ్ళాలి, వచ్చే ఆదివారం చెబుదాం, ఈలోగా వాన పడితే చెప్పాల్సిన పనే ఉండదు. ఇలా సాగింది నా ధర్మచింతన. వాన పడలేదు. నా సైకిలు మాత్రం బాగుపడుతోంది. గ్రావెల్ గుట్టను పడకుండా దిగిన మొదటి రోజు అదే రోజుల్లో వచ్చింది. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టి, "ఆ గట్టు రైడు గురించి చెప్పండి సార్" అన్నారు. చెప్పాను. అక్కడ కూడా కొంగ దాకా వచ్చి ఆగాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ ఫోను పెట్టేసి కూర్చుని ఉంది.

"బాబాయ్ చేను నెర్రెలిచ్చిందంట. ఇంజను పెట్టి మురుగు పోయే కోడులో నీళ్ళు తోడుతున్నాడంట. అందులో కలిసే చేపల చెరువుల నీళ్ళకి పైరు ఎర్రబడుతోందంట. ఇంకో వారం ఇలాగే ఉంటే ఈ ఏడు పోయినట్టేనంట."

ఒంటి మీద ఆ నిక్కరుతోనే నిలబడి జరిగిందంతా చెప్పాను. కొంగ తర్వాతది కూడా. ఆవిడ అంది, "మా అన్నయ్య మీ మాట నమ్మాడండీ. నేను కూడా నమ్మాను. బాబాయ్ ఎందుకలా చేశాడా అని రోజూ ఆలోచిస్తున్నాను." లేచి, "రేపు మొదటి బస్సుకి వెళ్ళండి. ఆ సైకిలు తీసుకెళ్ళకండి" అంది.

ప్యాంటు వేసుకుని, బస్సులో వెళ్ళాను. బావగారు చేలోనే ఉన్నారు. నేను ఎక్కడ పడ్డానో, పెళ్ళ ఎక్కడ విరిగిందో, గడ్డి ఎలా పరిచానో చూపించాను. ఆయన నవ్వుతారేమోనని ఒక మూల ఆశ ఉండేది. నవ్వలేదు. పార తీసుకుని మూలకు వెళ్ళి మడవ తెరిచారు. నీళ్ళు పగుళ్ళలోకి దిగే దాకా వంగి చూస్తూ ఉండిపోయారు. అప్పుడు నా వైపు చూడకుండా అన్నారు:

"నాకు చెప్పి లాభం లేదు బావగారూ. పెద్దవాణ్ణి పదిమందిలో అన్నాను. మీ మాట పట్టుకునే అన్నాను. మీరు కూడా పదిమందిలోనే చెప్పాలి. పదండి, నేను కూడా కాళ్ళు పట్టుకోవాలి."

పెద్దాయన ఇంటికి వెళ్ళి, ఒక్కసారి వంతెన దాకా రమ్మని బతిమాలాం. కండువా దులిపి భుజాన వేసుకుని, మా ఇద్దరికీ కొంచెం ఎడంగా నడిచి వచ్చారు. టీకొట్టు బల్లల మీద వాళ్ళంతా మా వైపు తిరిగారు. ఎవరో ఒకాయన, "ఏంటల్లుడుగారూ, ఇవాళ ఫుల్ ప్యాంటుతో వచ్చారు?" అన్నాడు. ఇంకొకాయన నవ్వబోయి ఆగాడు. బస్సులో వస్తూ నేను చాలా వాక్యాలు తయారు చేసుకున్నాను. వాటిలో కొంగ ఉంది, మెత్తటి గట్టు ఉంది, నా షుగరు కూడా ఉంది. పెద్దాయన ముఖం చూశాక వాటిలో ఒక్కటి కూడా చెప్పబుద్ధి కాలేదు.

"మావయ్యగారూ, ఆ గట్టు తెంపింది నేనండి. సైకిలు ఎక్కించి తెంపాను. బురద కప్పేసి ఎవరికీ చెప్పలేదు. పొద్దున్న బావగారు అడిగితే బాగానే ఉందన్నాను. మీరు దొంగతనం చెయ్యలేదు, నేను అబద్ధం చెప్పాను. ఇక్కడున్న అందరూ వినాలనే చెబుతున్నాను. మీ చేను ఎండుతోందని తెలిసి కూడా నోరు మూసుకున్నాను. తప్పు చేశానండి. నన్ను క్షమించండి."