విత్తనాలకు సాక్ష్యం

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, మృగశిర కార్తెకు ముందు, గొడవల్లో బీడు పడిన చెలకలకు సర్కారు విత్తనాల సాయం ప్రకటించింది. తిరిగి కట్టనక్కరలేదు. భూమి లెక్కల పహాణీలో పేరున్న రైతు వచ్చి వేలిముద్ర వేస్తే చాలు. అప్పుడు నేను మిర్యాలగూడకు మూడు కోసుల దూరంలో ఒక చిన్న క్రైస్తవ సంఘానికి ఉపదేశిని. ఊరి చావడి కాలిపోయింది కాబట్టి రెవెన్యూ అధికారి గిర్దావరు మా ప్రార్థన పాకలోనే కూర్చుని పేర్లు చదివాడు.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. ఆదివారం హాజరు పిలిచేటప్పుడు ప్రభువు దగ్గరికి వెళ్లినవాళ్ల పేర్లు కూడా పిలుస్తాను. ఇంటివాళ్లు లేచి "ఉన్నడు" అంటారు. మన దేవుడు బతికినవాళ్ల దేవుడని వాళ్లకు నేర్పింది నేనే.

గిర్దావరు ఒక పేరు చదవగానే గోడ పక్క నుంచి ఒకామె లేచి, "ఉన్నడు" అంది. ఏడాది కింద గొడవల్లో ఆమె భర్తను పట్టుకుని లారీలో సూర్యాపేట వైపు తీసుకుపోయారు. ఆ లారీ ఎక్కినవాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు.

"ఉంటే జల్దీ రమ్మను. వేలిముద్ర వెయ్యాలె," అన్నాడు గిర్దావరు.

"మావోళ్లు పరలోకం నుంచి గూడ హాజరు పలుకుతరు సాబ్," అని ముసలి సంఘపెద్ద నవ్వాడు. "వేలిముద్రకు మాత్రం దిగిరారు."

గిర్దావరు నవ్వలేదు. "సచ్చిండంటే పెండ్లానికి ఇస్త. ఉన్నడంటే ఆయనే రావాలె. నాలుగు రోజుల్ల ఇద్దరు సాక్షులను తీస్కొని కచేరికి రాన్రి. ఆ తర్వాత ఖతం."

మరునాడు మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లాను. విత్తనానికని దాచిన జొన్నలు కూడా పిల్లలకు వండేసింది. ఈ కార్తెలో విత్తకపోతే ఏడాదంతా పస్తే.

"చనిపోయిండని నేను సాక్ష్యం చెప్త చెల్లె," అన్నాను.

"నువ్వు సూసినవా అన్నా?"

"లేదు."

"అబద్ధ సాక్ష్యం పలుకొద్దని సెప్పేది నువ్వే గద."

అంతలో వాకిట్లో నీళ్ల చప్పుడైంది. చెలక నుంచి వచ్చిన మనిషి చెంబుతో కాళ్ల మీద పోసుకున్నట్టు, ఒకసారి, ఆగి, మరోసారి. తలుపు తెరిచే ఉంది. ఎండలో ఎవరూ లేరు. పిల్లలిద్దరూ నా ఎదుటే కూర్చుని ఉన్నారు. వాకిట్లో బండ మాత్రం తడిసి ఉంది. ఆమె తల ఎత్తలేదు.

"రోజూ గంతే. కాళ్లు కడుక్కుంటడు. లోపలికి మాత్రం రాడు."

చచ్చినవాళ్లతో మాట్లాడటం మాకు నిషిద్ధం. ఆ మాట చెప్పాలని నోరు తెరిచాను. బండ మీది తడి అంచుల నుంచి ఆరుతూ ఆరుతూ చివరికి రెండు పాదాలంత మిగిలింది.

నాలుగో రోజు ముగ్గురం మిర్యాలగూడ కచేరికి వెళ్లాం. అతను చనిపోయాడని గిర్దావరు కాగితం రాశాడు. సంఘపెద్ద వేలిముద్ర వేశాడు. నేను కలం పట్టుకుని ఆమె వైపు చూశాను. ఆమె తన ఎడమ పక్కకు తిరిగింది. అక్కడ సున్నం గోడ తప్ప ఏమీ లేదు. ఆమె పెదవులు చాలాసేపు కదిలాయి.

"పెట్టు అన్నా," అంది చివరికి. "పిల్లలు ఆకలికున్నరని సెప్పిన. సరే అన్నడు."

సంతకం పెట్టాను. ఇన్నేళ్లుగా మోకాళ్ల మీద, దేవుడి ముందు దానికి జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను.

విత్తనాల మూట నెత్తిన పెట్టుకుని ఆమె నాతో నడిచింది. సంఘపెద్ద ముందే వెళ్లిపోయాడు. మా ఊరి పొలిమేరలో ఆమె ఆగింది. నేనూ ఆగాను.

"నువ్వు నడువు అన్నా," అంది మెల్లగా. "సచ్చిండని రాయించినంక ఇంటికి రావచ్చునా అని అడుగుతున్నడు. మాట్లాడి వస్త."

మూట దింపకుండానే నిలబడింది. నేను నడిచాను.