దొర చేతిలో దండం లేని రోజు

ఒలాయా మా కస్తీలియా సీమలోని ఊళ్ళో గాడిద మీద ఇంటింటికీ నీళ్ళు మోసే మనిషి. రాజుగారి తరఫున మమ్మల్ని ఏలడానికి వచ్చిన దోన్ బెల్త్రాన్ ఊరి ఊటకాలువను తన తోటలోకి మళ్ళించుకున్నాడు. అప్పటినుంచి నీళ్ళ కోసం ఆమె ఏటిదాకా నడవాల్సి వచ్చింది. ఆయన చేతిలో రాజదండం ఉన్నంతకాలం ఎవరూ నోరెత్తలేదు.

ఆయన పదవి ముగిసింది. దిగిపోయే దొర దండం అప్పగించి, ఊరి ఫిర్యాదులన్నీ తేలేదాకా ఇక్కడే ఉండాలన్నది మా దగ్గరి పద్ధతి. ఫిర్యాదులుంటే వచ్చి చెప్పుకోమని చాటింపు వేశారు. మీసాలున్న మగాళ్ళంతా నేలచూపులు చూశారు. ఒలాయా తన గాడిదను విచారణకొచ్చిన న్యాయాధికారి గుమ్మానికే కట్టేసి లోపలికి వెళ్ళి కాలువ సంగతి చెప్పింది.

"నీళ్ళమ్ముకునేదానివి, నామీదే చెప్తావా?" అని ఉరిమాడు అక్కడే ఉన్న బెల్త్రాన్.

"నిన్నటిదాకా మీ కర్రకు భయపడ్డాను దొరా. ఇవాళ అదేదీ?" అంది ఒలాయా.

న్యాయాధికారి తోటగోడ పగలగొట్టించి కాలువ వదిలించాడు. సాయంత్రానికి ఊరి తొట్టి నిండి పొర్లింది. జనం బట్టలతోనే దూకారు. ఒలాయా మాత్రం తొలి కడవ ముంచి, తిన్నగా తీసుకెళ్ళి బెల్త్రాన్ ముందు దించింది.

"తాగండి దొరా, నోరెండిపోయి ఉంటుంది. మా ఊరి నీళ్ళే, మొహమాటపడకండి!"